కొండ పేలలేదు, కాలింది

బడిలో రాళ్ళ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు ఒకటే అడుగుతారు. "మేస్టారూ, మన కొండ అగ్నిపర్వతమేనా?" మందస వైపు ఏ బడిలో కూర్చున్నా తలెత్తితే మహేంద్రగిరి కనిపిస్తుంది. 1501 మీటర్ల ఎత్తు. టీవీలో లావా చూసిన పిల్లలకు మన కొండ కూడా ఎప్పుడో ఒకసారి అలా పేలి ఉంటే బాగుండునని ఉంటుంది. కాదు అని చెబితే ముఖాలు చిన్నబోతాయి.

పెద్దవాళ్ళం, రచయితలం మనం చేసేదీ అదే. ఆదివాసి కోపం గురించి తెలుగులో రాయబోతే ముందుగా చేతికి దొరికే పోలిక అగ్నిపర్వతం. కొండ రగిలింది, లావా పొంగింది, అగ్నిపర్వతం బద్దలైంది. శ్రీకాకుళం కొండల మీద బయటివాళ్ళు రాసినా, మనవాళ్ళు రాసినా ఈ పోలిక తప్పడం లేదు. పోలిక తప్పు పట్టడానికి కాదు ఈ వ్యాసం. పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో, మన నేలకు సరిపోతుందో లేదో చూడటానికి. అందుకు నేను పద్యాన్ని పక్కన పెట్టి మట్టిపాత్రను ఎంచుకున్నాను. ఎందుకంటే నిప్పును గురించి మాట్లాడే కళలు చాలా ఉన్నా, నిప్పులోకి వెళ్ళి బయటికి వచ్చే కళ ఇదే.

అగ్నిపర్వతాన్ని, లావాను, కాలిన నేలను చూసి పాత్రలు చేసే సిరామిక్ కళ ఒకటి ప్రపంచంలో బలంగా ఉంది. దానిలో ముందు చెప్పుకోవలసిన పేర్లు మూడు. లూసీ రీ, గెర్‌ట్రూడ్ నాట్స్‌లర్, ఆమె భర్త ఆటో నాట్స్‌లర్. ముగ్గురూ ఆస్ట్రియా రాజధాని వియన్నా వాళ్ళు. ముగ్గురూ 1938లో, నాజీలు ఆస్ట్రియాను కలుపుకున్న ఏడాదిలో, ఊరు వదిలి వెళ్ళిపోయారు. లూసీ రీ లండన్ చేరింది. నాట్స్‌లర్ దంపతులు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ చేరారు. తరవాతి రోజుల్లో వీళ్ళ చేతుల్లోంచి వచ్చిన కొన్ని పాత్రల మీద పూత నున్నగా ఉండదు. బొబ్బలెక్కి, పగిలి, గుంటలు పడి, చల్లారిన లావాలా ఉంటుంది. నాట్స్‌లర్ల పూతను క్రేటర్ పూత అంటారు. అగ్నిపర్వతం నోటిని ఇంగ్లీషులో క్రేటర్ అంటారు గదా, ఆ పేరే.

ఇది ఎలా వస్తుందంటే, పూతలో సిలికాన్ కార్బైడ్ వంటి పదార్థం కలుపుతారు. కొలిమి వేడికి పూత కరిగి తేనెలా చిక్కబడినప్పుడు లోపల వాయువు పుట్టి పైకి తోసుకొస్తుంది. బుడగలు లేచి పగులుతాయి. పగిలిన చోటు మళ్ళీ సర్దుకునేలోపు కొలిమిని చల్లారిస్తే ఆ గుంటలు అలాగే నిలిచిపోతాయి. నిజమైన లావాలో జరిగేదీ ఇంచుమించు ఇదే. వాయువులు బయటపడుతూ ఉండగా గట్టిపడిన లావారాయికి తేనెపట్టులాంటి రంధ్రాలు ఉంటాయి.

ఫొటోల్లో చూసినంతలోనే చెబుతున్నాను, ఇవి మంచి పాత్రలు. గెర్‌ట్రూడ్ సారె మీద తీసిన గోడలు చాలా పలుచన. ఆటో తయారు చేసిన పూత చాలా మొరటు. అంత సున్నితమైన ఆకారం అంత గాయపడిన చర్మాన్ని మోస్తూ నిలబడటమే ఆ పాత్రలోని బలం. ఊరు పోగొట్టుకున్న వాళ్ళు కాబట్టి గాయాలున్న పాత్రలు చేశారని నేను తేల్చి చెప్పను. కళను అంత సులువుగా జీవితంతో ముడిపెట్టకూడదు. అయినా నిర్వాసిత గ్రామాల పిల్లలకు చదువు చెప్పే ఎవరికైనా ఆ పాత్రలు పరాయివిగా అనిపించవు. చెక్కు చెదరని ఆకారం, చెదిరిన పైపొర. అలాంటి మనుషులు మనకు తెలుసు.

కాని ఈ దారిలో ఒక పరిమితి ఉంది. ఇక్కడ అగ్నిపర్వతం చర్మం మీదే ఉంది. ఆకారాన్ని ఇచ్చింది సారె, గుంటలను ఇచ్చింది రసాయనం. ఆ ముగ్గురి చేతుల్లో ఈ రెండూ కలిసి ఒకటయ్యాయి. వాళ్ళ తరవాత వచ్చిన అందరి చేతుల్లోనూ కలవలేదు. ఇప్పుడు లావా పూత సీసాల్లో దొరుకుతుంది. బ్రష్షుతో పూసి కరెంటు కొలిమిలో పెడితే ఏ కప్పయినా అగ్నిపర్వతంలా కనిపిస్తుంది. అలాంటి కప్పులో పేలుడు గుర్తు ఉంటుంది గాని పేలుడుకు కారణం ఉండదు. మన కవిత్వంలోని అగ్నిపర్వతం కూడా చాలాసార్లు ఈ సీసాలోదే.

ఇక మన కొండ సంగతి. ఆంధ్రదేశంలో లావా లేదని కాదు. గోదావరి పక్కన పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో ఉన్న నల్లరాయి దాదాపు 6.5 కోట్ల ఏళ్ళ కిందటి లావా. ఆదిలాబాద్ పడమటి భాగంలో గోండులు ఉండే నల్లరేగడి పీఠభూమి కూడా లావా నేలే. ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం మన దేశంలో ఒక్కటే, అండమాన్ దగ్గర బారెన్ దీవి. మన తూర్పు కనుమల కథ వీటన్నిటికీ వేరు.

మన కొండల్లో విరివిగా ఉండే ఒక రాయి ఖొండలైట్. ఇది మొదట రాయి కాదు, మట్టి. ఎప్పటిదో నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బంకమట్టి. భూమి కదలికల్లో ఆ మట్టి 20, 30 కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. అక్కడ దాదాపు 100 కోట్ల ఏళ్ళ కింద 900 డిగ్రీల వేడికి, పైనున్న నేల బరువుకు లోబడి రూపం మార్చుకుంది. మట్టిలోని అల్యూమినా, సిలికా కలిసి సిలిమనైట్ అనే ఖనిజమయ్యాయి. ఇనుముతో కలిసినచోట ఎర్రటి గార్నెట్ గింజలయ్యాయి. పైనున్న నేల కోట్ల ఏళ్ళపాటు అరిగిపోయాక ఆ రాయి కొండగా పైకి తేలింది. ఎక్కడా పేలుడు లేదు. పొగ లేదు. మూసిపెట్టిన వేడి, దీర్ఘకాలం, నెమ్మదిగా చల్లారడం.

ఈ మూడింటినీ ఇంకోచోట చూశాం మనం. కుమ్మరి ఆవంలో. పచ్చికుండలను పేర్చి, మధ్యమధ్య పిడకలు, కట్టెలు సర్ది, పైన గడ్డి కప్పి, మట్టి మెత్తి, పొగ పోవడానికి సందులు వదిలి నిప్పు పెడతారు. లోపల వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళుతుంది. 600 డిగ్రీలు దాటాక మట్టిలో కలిసి ఉన్న నీరు పోతుంది. ఆ పైన ఎన్ని వానల్లో నానబెట్టినా ఆ మట్టి మళ్ళీ బురద కాదు. ఆవం తొందరపడి విప్పితే చల్లగాలికి కుండలు పగులుతాయి. గాలి తగిలిన కుండ ఎర్రబడుతుంది, గాలి మూసేస్తే పొగలో నల్లబడుతుంది. మట్టిలోని ఇనుము, పొగలోని మసి చేసే పని అది. ఖొండలైట్‌లో జరిగిందీ, కుండలో జరిగిందీ అచ్చంగా ఒకటి కాదు. కొండను కుదించిన బరువు ఆవంలో లేదు. కాని వరస ఒకటే. మట్టి, మూసిన వేడి, ఓర్పు, తిరిగిరాని మార్పు. మన కొండ అగ్నిపర్వతం కాదు, ఆవం. అది పేలలేదు, కాలింది.

ఈ రాయి పేరులో కూడా మన కథ ఉంది. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతపు రాళ్ళ గురించి రాస్తూ, ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద దీనికి ఖొండలైట్ అని పేరు పెట్టాడు. మన జాతాపులను ఖోండుల్లో ఒక శాఖగా చెబుతారు. కోణార్క గుడి చాలా భాగం ఈ రాయే. అంతకుముందు 1893లో థామస్ హాలండ్ ఇంకో రాయికి పేరు పెట్టాడు, చార్నొకైట్. అదీ మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ పక్కనే ఉంటుంది. ఆ పేరు ఈస్టిండియా కంపెనీ వ్యాపారి జాబ్ చార్నొక్‌ది. కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చిలో ఆయన సమాధి మీది పలక ఆ రాయితో చేసిందట, అందుకని. ఒక రాయికి కొండ మీది జాతి పేరు, ఇంకో రాయికి వ్యాపారి సమాధి పేరు. వ్యాపారి ఒక్క మనిషిగా గుర్తుండిపోయాడు. ఖోండులు మనుషులుగా కాక రాతిరకంగా పుస్తకంలోకి ఎక్కారు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట నియమగిరిలో 12 గ్రామసభలు జరిగితే, డోంగ్రియా కోందులు బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండింటిలోనూ చెప్పారు. ఆ బాక్సైట్ ఖొండలైట్ కొండలే ఎండకూ వానకూ శిథిలమై ఏర్పడినది. పేరు ఇచ్చిన జాతి కొండ తరఫున నోరు విప్పిన రోజు అది.

సవరలం మేం కూడా చనిపోయినవాళ్ళకు రాయి నిలబెడతాం. గువార్ కర్మలో పోయిన మనిషి పేర ఒక రాయి పాతుతాం. దాని మీద అక్షరం ఉండదు, మెరుగు ఉండదు. ఆ రాయి ఎవరో ఊరికి తెలుసు. టెక్కలి చుట్టుపక్కల తవ్వే నీలిరాయి టెక్కలి బ్లూ, శ్రీకాకుళం బ్లూ అనే పేర్లతో దూరదేశాలకు వెళుతోంది. దానినీ గ్రానైట్ అని అమ్ముతారు గాని, చాలావరకు అదీ తూర్పు కనుమల లోతుల్లో వేడికి రూపం మారిన రాయే. మన దగ్గర రాయి పోయిన మనిషిని ఊళ్ళో నిలబెడుతుంది. అక్కడ రాయి ఊరు విడిచి పలక అవుతుంది, నున్నగా మెరుగు పెట్టించుకుంటుంది. ఆ మెరుగులో చూసేవాడి ముఖం కనబడుతుంది, కొండ కనబడదు.

మళ్ళీ పాత్ర దగ్గరికి వస్తాను. నిప్పును చర్మంగా కాక చేతిగా వాడుకున్న కళ ఉందా? ఉంది. జపాన్‌లో బిజెన్ అనే ఊరి పాత్రలకు పూతే వెయ్యరు. పైన్ కట్టెలతో పది పన్నెండు రోజులు కాలుస్తారు. బూడిద ఎగిరి ఎక్కడ వాలిందో, జ్వాల ఏ పక్క నాకిందో, పక్క పాత్ర నీడ ఎక్కడ పడిందో అదంతా పాత్ర మీద మిగులుతుంది. ఆ మచ్చలను వాళ్ళు కెషికి అంటారు. ఆ మాటకు అర్థం ప్రకృతి దృశ్యం. అంటే వాళ్ళు కొండబొమ్మను పాత్ర మీద గియ్యరు. నిప్పు నడిచిన దారినే కొండగా చూస్తారు. లావా పూసిన కప్పుకూ దీనికీ తేడా ఇక్కడ ఉంది.

మనకు దగ్గరలో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికన్లు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. 1980ల్లో మీకర్ ఇంకా పెద్ద పని చేశాడు. పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, లోపల పచ్చి ఇటుకలు, పలకలు నింపి, ఇంటినే ఆవంగా చేసి కాల్చాడు. లోపలి సరుకు అమ్మితే కట్టెల ఖర్చు వస్తుంది, మిగిలిన కాలిన గుల్ల ఇల్లవుతుంది అన్నది ఆలోచన. ఆ పద్ధతి ఊరూరా పాకలేదు. అన్ని కట్టెలు కాల్చడం మన కొండలకు మంచిదని నేనూ అనను. కాని అగ్నిపర్వతం బొమ్మ ఏదీ లేని ఆ ఇంట్లో, లావా పూత వేసిన వంద కప్పుల్లో కంటే భూమి లోపలి నిప్పు గురించి ఎక్కువ అవగాహన ఉంది. నిప్పు అలంకారం కాదు, నివాసం అని ఆ ఇల్లు చెప్పింది.

ఇప్పుడు మన ఇళ్ళలోని కుండ. ఒక మాట ఒప్పుకోవాలి. కుండ చేసింది సవరలు కాదు, కుమ్మరులు. చింతపండు, కొండచీపుర్లు, కందులు సంతకు దింపి కుండలు తెచ్చుకున్నవాళ్ళం మనం. ఇప్పుడు సవర గోడబొమ్మలు గీసిన కుండలు, కప్పులు గిరిజన కళ పేరుతో అమ్మకానికి వస్తున్నాయి. వాటి మీద బొమ్మ వేసినవాళ్ళకు పేరు వస్తే మంచిదే. కాల్చిన కుమ్మరి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. రాయి విషయంలో మనకు జరిగింది కుండ విషయంలో మనం ఇంకొకరికి చెయ్యకూడదు.

కుండ మనది కాకపోయినా దానికి మనం ఇచ్చిన చోటు మనదే. పాత సవర ఇళ్ళలో సోనుం కోసం కేటాయించిన కుండ ఇంటి కప్పు నుంచి వేలాడుతుంది. సోనుం అంటే దేవతలూ, పోయిన పెద్దలూ. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి కుండల గురించి రాశాడు. ఆ కుండ మీద ఏ పూతా ఉండదు, ఏ లావా ఉండదు. దానికి గౌరవం చూపు వల్ల రాలేదు. లోపల ఎవరో ఉన్నారన్న నమ్మకం వల్ల వచ్చింది. ఒక పాత్రను విమర్శించడానికి మనవాళ్ళు వాడిన కొలబద్ద ఇదే అనుకుంటాను. ఇందులో ఎవరున్నారు? ఇందులో ఏముంది?

ఆ కొలబద్ద కొండ దిగి ఉద్దానానికి వస్తే ఇంకా పదునుగా ఉంటుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల జబ్బుతో ఊళ్ళకు ఊళ్ళు నలిగిపోతున్న నేల అది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాటగా తేలలేదు. నీళ్ళ గ్లాసు ఎత్తేముందు మనిషి ఒక్క క్షణం ఆగే చోట, పాత్ర అంటే ముందు నీళ్ళే గుర్తొస్తాయి. నీళ్ళు పట్టని, అద్దాల అరలో మాత్రమే బతికే పాత్రను మెచ్చుకోవచ్చు. ఉద్దానంలో నిలబడి మెచ్చుకునేటప్పుడు మాత్రం కొంచెం ఆలోచిస్తాం.

ఇంకో లెక్క కూడా ఉంది. భావనపాడు తీరంలో అలలు ఇసుకను జల్లెడ పట్టినచోట ఎర్రటి, నల్లటి చారలు కనిపిస్తాయి. ఎర్రవి గార్నెట్, నల్లవి ఇల్మనైట్. వాటి మధ్య తెల్లగా సిలిమనైట్, జిర్కాన్ గింజలూ ఉంటాయి. ఇవన్నీ మన కొండల్లో కాలి పుట్టి, గెడ్డల్లో, నదుల్లో కొట్టుకొచ్చి సముద్రం ఒడ్డున చేరినవే. సరిహద్దు దాటితే గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. ఇలాంటి ఇసుక నుంచే ఈ ఖనిజాలను వేరు చేస్తోంది. సిలిమనైట్ ఎక్కడికి పోతుంది? చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గనక కొలిముల లోపలి ఇటుకల్లోకి. జిర్కాన్ ఎక్కడికి పోతుంది? టైల్స్‌కు, పింగాణీకి తెల్లదనం ఇచ్చే పూతల్లోకి. ఒకప్పుడు నిప్పులో పుట్టిన ఖనిజం ఇంకో నిప్పుకు గోడగా నిలబడుతోంది. లావా కప్పు మీద బుడగలు లేస్తున్నప్పుడు ఆ వేడిని పట్టి ఉంచే గోడలో మన కొండ ఉండవచ్చు. చూసేవాళ్ళకు కనపడేది పేలుడు. పేలుడును మోసేది కాలి గట్టిపడిన రాయి. సిరామిక్ కళలో మన కొండ చోటు ఇది.

పోడు గురించి ఒక్క మాట. నిప్పు తీర్చిదిద్దిన నేల అంటే మనకు ముందు గుర్తొచ్చేది అదే. ఎండాకాలంలో నరికిన పొద ఎండాక తగలబెడతారు. చూసేవాళ్ళు కొండ తగలబడిపోయిందంటారు. తొలకరి పడ్డాక ఆ బూడిదలో చోడి, సామ, కంది మొలుస్తాయి. బూడిద కుమ్మరి విద్యలోనూ ఉంది. పెద్ద వేడిలో కట్టెబూడిద కరిగి పాత్ర మీద గాజుపొర అవుతుంది. పొలం మీద బూడిద పంట అవుతుంది. రెండుచోట్లా మంట ముగిశాకే పని మొదలవుతుంది. మంటను మాత్రమే ఫొటో తీసి వెళ్ళినవాడికి ఈ రెండో సగం తెలియదు. పోడుకు ఇప్పుడు వెనకటి విరామం దొరకడం లేదనీ, నేలకు తేరుకునే ఏళ్ళు చాలడం లేదనీ నిజమే. అదీ చల్లారే కాలం ఇవ్వకుండా ఆవం విప్పడం లాంటిదే.

అందుకే నా అభ్యంతరం అగ్నిపర్వతం పోలిక మీద ఇది. ఆ పోలికలో ఆదివాసి రెండే స్థితుల్లో ఉంటాడు. ఒకటి నిద్ర, రెండోది పేలుడు. పేలకముందు అతను లేడు, పేలాక అతను బూడిద. మధ్యలో తరతరాలుగా మూసిపెట్టిన వేడిలో రూపుదిద్దుకున్న భాష, మెట్లు మెట్లుగా రాళ్ళు పేర్చి కట్టిన పొలాలు, గువార్ రాళ్ళు, గోడబొమ్మలు, గ్రామసభలో మెల్లగా చెప్పిన "వద్దు" అనే మాట, ఇవేవీ ఆ పోలికలో ఇమడవు. ఇవి పేలుడు వల్ల వచ్చినవి కావు. కాలడం వల్ల వచ్చినవి.

లూసీ రీ, నాట్స్‌లర్లు గొప్పవాళ్ళు. వాళ్ళ అగ్నిపర్వతం వాళ్ళది. దాన్ని మనం అరువు తెచ్చుకుని మన కొండకు పూస్తే సీసాలోని పూతే మిగులుతుంది. మన చేతిలో ఇంకో బొమ్మ ఉంది, ఇంకా పాతది, ఇంకా నిజమైనది. నీటి అడుగున మట్టిగా ఉండి, బరువు కింద కాలి, గార్నెట్ గింజలు పట్టుకుని, వానకు అరుగుతూనే నిలబడిన కొండ. ఇక నుంచి మనలో ఎవరు నిప్పు అనే మాట రాసినా, ఆ నిప్పు ఏం కాల్చిందని కాక, ఏం తయారుచేసిందని అడుగుదాం. జవాబు లేకపోతే ఆ వాక్యం ఇంకా పచ్చికుండే.